మిద్దె ట్యాంకు నీటితో డ్రిప్ కిట్: అనంతపురం పెరట్లో దాని పనితీరు

నమస్కారం. అనంతపురంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ సొంత ఇల్లు, కొద్దిపాటి పెరడు ఉన్నవారి కోసం ఈ రివ్యూ చేస్తున్నాను. 50 మొక్కలకు సరిపోతుందని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న డ్రిప్ కిట్టును, అంటే పైపుల ద్వారా ప్రతి మొక్క దగ్గరా నీటిని చుక్కలుగా వదిలే సరంజామాను, మా పెరట్లో బిగించి, ఎండాకాలమంతా వాడిన తర్వాతే దీని గురించి మాట్లాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇందులోని పైపులు, వాటికి తగిలించే చుక్కల మూతులైన డ్రిప్పర్లు కొనదగినవే కానీ, దీనితో వచ్చే ఫిల్టరు, టైమరు మాత్రం మన ఇళ్లకు సరిపోవు.

మన జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. మిగిలిన కాలమంతా పెరటి చెట్లు బోరు నీటి మీదనో కొళాయి నీటి మీదనో బతకాలి. అందుకే పెరట్లో ఏ మొక్క పెట్టాలన్న ఆలోచన కన్నా ముందు, ఉన్న నీటిని వేళ్ల దగ్గరికి ఎలా చేర్చాలన్నది తేల్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

మొదట ఒత్తిడి సంగతి చూద్దాం. ఎక్కువ మంది నిరుత్సాహపడేది ఇక్కడే. డ్రిప్పరు గంటకు 4 లీటర్లు ఇస్తుందని డబ్బా మీద రాసి ఉంటుంది. సాధారణంగా ఆ లెక్క చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వద్ద కట్టినది. అంత ఒత్తిడి రావాలంటే నీరు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగాలి. ఒక అంతస్తు మిద్దె మీది ట్యాంకులో నీటిమట్టం నేలకు సుమారు 4 మీటర్ల ఎత్తులో ఉంటుందనుకుంటే, సాధారణ డ్రిప్పరు నుంచి వచ్చేది గంటకు దాదాపు రెండున్నర లీటర్లే, పైపు పొడవు పెరిగే కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. ఇది డ్రిప్పరు లోపం కాదు. గంట సేపు వదలవలసిన నీటిని గంటన్నరకు పైగా వదిలితే సరిపోతుంది. మీ ఇంట్లో ఎంత వస్తున్నదో తెలుసుకోవడానికి డ్రిప్పరు కింద ఒక గ్లాసు పెట్టి, ఆరు నిమిషాల్లో పడిన నీటిని కొలిచి, పదితో హెచ్చించండి. ట్యాంకుకు దగ్గరలో ఉన్న డ్రిప్పరునూ పైపు చివర ఉన్నదాన్నీ ఇలాగే కొలిస్తే, ఏ మొక్క వెనుకబడుతున్నదో మీకే అర్థమవుతుంది. అన్ని చోట్లా ఒకే ప్రవాహం ఇస్తాయని చెప్పి ఖరీదైన డ్రిప్పర్లు అమ్ముతారు. వాటిలో చాలా రకాలకు మిద్దె ట్యాంకు ఒత్తిడి చాలదు కాబట్టి, మోటారు నుంచి నేరుగా నీరు పెట్టేవారికి తప్ప వాటిని నేను సిఫారసు చేయను.

టైమరుకూ ఇదే చిక్కు ఉంది. కిట్టులో వచ్చిన టైమరు సోలినాయిడ్ (విద్యుత్ అయస్కాంతంతో పనిచేసే వాల్వు) రకం, అంటే తెరుచుకోవడానికి కూడా దానికి కొంత నీటి ఒత్తిడి కావాలి. ట్యాంకు నీటితో అది సరిగా తెరుచుకోలేదు. టైమరు తప్పనిసరి అనుకునేవారు బాల్ వాల్వు (రంధ్రమున్న బంతిని తిప్పి నీటిని వదిలే) రకం కొనండి. ఒత్తిడి లేకపోయినా అది పనిచేస్తుంది.

ఇక ఫిల్టరు. కిట్టులో కొళాయికి తగిలించే చిన్న జాలీ ముక్క తప్ప ఫిల్టరంటూ ఏమీ లేదు. ఇసుక వచ్చే బోర్లకు అది ఏ మూలకూ చాలదు. వ్యవసాయ పైపుల దుకాణంలో 120 మెష్ (అంగుళం పొడవులో 120 రంధ్రాలున్న జాలీ) ముప్పావు అంగుళం ఫిల్టరు అడిగి తీసుకుని, ట్యాంకు నుంచి పైపు దిగిన వెంటనే బిగించండి. అయితే ఇలాంటి జాలీ ఫిల్టరేదీ నీటిలో కరిగి ఉన్న లవణాలను ఆపలేదన్నది గుర్తుంచుకోవాలి. మన బోరు నీళ్లు వేడి చేసిన గిన్నెలో పేరుకునే తెల్లటి పొరే డ్రిప్పరు మూతి దగ్గరా పేరుకుంటుంది. అందుకే విప్పి కడగడానికి వీలైన డ్రిప్పర్లనే ఎంచుకుని, ధార తగ్గినప్పుడు వాటిని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టండి. పొలాల్లో రైతులు డ్రిప్ పైపుల్లోకి ఆమ్లం పంపుతారు కానీ, పిల్లలు తిరిగే ఇంట్లో ఆ పని వద్దు. సన్నపాటి ట్యూబు కూడా నల్లదే తీసుకోండి. పారదర్శకంగా ఉన్నదానిలో వెలుతురు తగిలి పాచి పడుతుంది.

డ్రిప్పరును ఎక్కడ పెట్టాలన్నది నేలను బట్టి ఉంటుంది. గరుకైన ఎర్రనేలలో నీరు పక్కలకు పెద్దగా పాకకుండా నిలువునా దిగిపోతుంది కాబట్టి చెట్టుకు రెండు వైపులా రెండు డ్రిప్పర్లు ఉండాలి. తాడిపత్రి వైపు ఉన్నటువంటి నల్లరేగడిలో నీరు పక్కలకు బాగా వ్యాపిస్తుంది. అక్కడ చిన్న మొక్కకు ఒక్కటే చాలు. నిమ్మ మొదలు మీద మాత్రం నీరు ఎన్నడూ పడనివ్వకండి, బంక తెగులు అక్కడి నుంచే మొదలవుతుంది. చెట్టు పెరిగే కొద్దీ డ్రిప్పర్లను కొమ్మల అంచు వైపు జరుపుతూ పోవాలి. నిలదొక్కుకున్న వేప, కానుగ చెట్లకు డ్రిప్ అక్కరలేదు. ఆ నీటిని మల్లెకూ కరివేపాకుకూ ఇవ్వండి.

నీరు పెట్టిన పాదును ఎండకు వదిలేస్తే డ్రిప్ వల్ల కలిగే మేలులో సగం పోతుంది. మన దగ్గర శెనక్కాయ పొట్టు సులభంగా దొరుకుతుంది. దాన్ని రెండు మూడు అంగుళాల మందాన పరచి, కాండానికి జానెడు దూరం ఖాళీ వదలండి. చెదలు కనిపిస్తే పొట్టును తీసివేసి, నేలను కొన్నాళ్లు ఆరనివ్వండి. చాలామంది వాకిలి శుభ్రంగా ఉంటుందని కడప బండలను చెట్టు మొదలు దాకా పరుస్తున్నారు. వాన నీరు దిగడానికి చోటు లేకుండా పోతున్నదని వాటిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పాదు వెడల్పున నేలను వదిలి ఆ తర్వాత బండలు వేసినా వాకిలి అందానికి లోటేమీ రాదు.

పైపులను ఉడుతలు కొరుకుతాయి. దాహానికే కొరుకుతాయన్న ఉద్దేశంతో నేను పెరట్లో ఒక మట్టి మూకుడులో నీళ్లు పెడుతున్నాను, కొరుకుడు తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు. అందువల్ల కిట్టుతో వచ్చిన అదనపు జాయింట్లను పారేయకుండా దాచుకోండి.

తొలకరి పడగానే డ్రిప్ కట్టేయడం మన అలవాటు. కానీ ఎండాకాలమంతా బోరు నీటిలోని ఉప్పు తడి నేల అంచున పేరుకుని ఉంటుంది. తేలికపాటి జల్లు దాన్ని కరిగించి వేళ్ల వైపు నెడుతుంది. కాబట్టి మొదటి చిన్న జల్లులు పడుతున్నప్పుడు డ్రిప్‌ను నడవనిచ్చి, నేల లోతుగా తడిసే పెద్ద వాన కురిశాకే కట్టేయండి. కట్టేసే ముందు పైపుల చివర ఉన్న ఎండ్ క్యాపులు తీసి, లోపలి మడ్డి అంతా పోయి తేట నీరు వచ్చేదాకా వదలండి.