స్ప్రింగు మార్చడం సగం పని, బోల్టు బిగించడం మిగతా సగం

(చర్చలో పాల్గొన్నవారు: వ్యాఖ్యాత, సస్పెన్షన్ ఇంజినీరు, సీనియర్ మెకానిక్, వీల్ అలైన్‌మెంట్ నిపుణుడు)

వ్యాఖ్యాత: నమస్కారం. కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులను ఇంటి దగ్గరే బిగించుకోవచ్చా, బిగిస్తే ఎక్కడ తేడా కొడుతుంది అన్నది ఇవాళ్టి చర్చ. ముందు ఇంజినీరు గారు చెప్పాలి. ఎంత తగ్గించవచ్చండీ?

ఇంజినీరు: షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచి స్ప్రింగులొక్కటే మారుస్తున్నారంటే 25 నుంచి 35 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోవడం మేలు. అది దాటితే షాక్ లోపలి పిస్టన్ ఎప్పుడూ అడుగువైపే ఆడుతుంది. గుంటలో పడ్డప్పుడు కుంగడానికి చోటుండదు. అందుకే మంచి స్ప్రింగు పొట్టిగా ఉండడంతో పాటు పాతదానికన్నా గట్టిగానూ ఉంటుంది. తక్కువ దూరంలోనే అంత బరువునీ ఆపాలి కదా. ఇంకో సంగతి. ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకూ కలిసి ఒకే నిలువు కంబంగా ఉండే ఏర్పాటు, ఉన్న కార్లలో బండి దిగే కొద్దీ చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్మ్ కోణం మారి, రోల్ సెంటర్, అంటే మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, బండి దిగిన దానికన్నా వేగంగా కిందికి జారిపోతుంది. మరీ దించితే మలుపులో బండి తక్కువ ఒరుగుతుందనుకున్నది కాస్తా ఎక్కువ ఒరగాలని చూస్తుంది.

మెకానిక్: పొట్టి స్ప్రింగు కొనడం ఎందుకని ఉన్నదాన్నే ఒక చుట్టు కోసేవాళ్లున్నారండీ. కోసిన కొస సీటులో, అంటే స్ప్రింగు ఆనే పళ్లెంలో, సరిగ్గా కూర్చోదు. చక్రం గాల్లో వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జరుగుతుంది. గ్యాస్ మంటతో కాల్చి కుంగదీయడం ఇంకా ఘోరం, ఉక్కుకి పదునే పోతుంది. ఈ రెండిటి గురించీ ఇక చర్చ అనవసరం.

వ్యాఖ్యాత: సరే, సరైన స్ప్రింగులే తెచ్చుకున్నారు. పనికి ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

మెకానిక్: ముందురోజే స్ట్రట్ బోల్టులకీ, ఒరుగుడు ఆపే బార్‌కి స్ట్రట్‌ని కలిపే లింక్ రాడ్ నట్లకీ తుప్పు వదిలే నూనె కొట్టి వదిలేయాలి. బండి చదునైన నేల మీద ఉండగానే నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి దాని పైనున్న రేకు (ఫెండర్) అంచు దాకా టేపు పెట్టి కొలిచి రాసుకోవాలి. ఈ కొలతతో తర్వాత పనుంది, మర్చిపోవద్దు. రెండు జాకీ స్టాండ్లు, చక్రాల కింద అడ్డు, స్ప్రింగుని నొక్కిపెట్టే కంప్రెసర్, ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచ్, అల్లెన్ కీలు కావాలి. కొత్త నట్లు కూడా తెచ్చుకోవాలి. నైలాన్ రింగున్న నట్టు ఒకసారి విప్పితే దాని పట్టు పోయినట్టే. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి చెయ్యి కూడా పెట్టకూడదు.

వ్యాఖ్యాత: ముందు చక్రంతో మొదలుపెడదాం.

మెకానిక్: బండి నేల మీద ఉండగానే చక్రం నట్లు పావు తిప్పు వదులు చేసి, తర్వాత లేపి స్టాండ్ల మీద దించి చక్రం తీయాలి. స్ట్రట్‌కి తగిలించిన బ్రేక్ హోస్ బ్రాకెట్, ఏబీఎస్ వైరు క్లిప్పు ఊడదీయాలి. లింక్ రాడ్ నట్టు తిప్పితే దాని బాల్ జాయింటు పిన్ను కూడా దాంతో పాటే తిరుగుతుంది. పిన్ను కొసన అల్లెన్ గుంట ఉంటుంది, అందులో కీ పెట్టి ఆపి రింగు పానాతో నట్టు విప్పాలి. ఆ గుంట తుప్పుతో అరిగిపోయి ఉంటే నట్టు కోయడం తప్ప దారి లేదు, కొత్త లింకు దగ్గరుంచుకోండి. తర్వాత స్ట్రట్‌నీ, చక్రం హబ్‌ని మోసే నకిల్‌నీ కలిపే రెండు పెద్ద బోల్టులు.

అలైన్‌మెంట్ నిపుణుడు: ఒక్క నిమిషం. ఆ రెండు బోల్టులూ తీయకముందు తల ఏ దిక్కుకి ఉందో పెయింటుతో గుర్తు పెట్టండి. కొన్ని కార్లలో పై బోల్టు క్యాంబర్‌ని, అంటే ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరిగే కోణాన్ని, సర్దే ఎక్సెంట్రిక్ బోల్టు; తిప్పితే చక్రం ఒరుగుడు మారుతుంది. గుర్తు లేకుండా విప్పితే తిరిగి పెట్టేది అంచనా మీదే.

మెకానిక్: అవును. బోల్టు లాగేటప్పుడు నకిల్‌ని ఒక తాడుతో కట్టి ఉంచాలి. వదిలేస్తే బయటికి ఒరిగిపోతుంది, బ్రేక్ హోస్ మీద బరువు పడుతుంది, కొన్ని బండ్లలో యాక్సిల్ లోపలి జాయింటు కూడా ఊడొస్తుంది. ఇక బానెట్ కింద స్ట్రట్ పైన చుట్టూ ఉన్న నట్లు, చాలా బండ్లకి మూడుంటాయి, అవి మాత్రమే విప్పాలి. నడిమి నట్టు జోలికి ఇప్పుడు పోకూడదు. ఆ ఒక్క నట్టే స్ప్రింగుని నొక్కిపెట్టి ఉంచుతోంది.

వ్యాఖ్యాత: అందరూ భయపడేది అక్కడేగా. కంప్రెసర్ ఎలా వాడాలో వివరంగా చెప్పండి.

మెకానిక్: రెండు కొక్కేల సెట్లుంటాయి. ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా పెట్టాలి, వీలైనన్ని చుట్లు కొక్కేల మధ్యకు రావాలి. ఒకదాన్ని రెండు మూడు తిప్పులు, రెండోదాన్ని అన్నే తిప్పులు, చేతి పానాతోనే. మోటారుతో దెబ్బలు కొడుతూ తిప్పే ఇంపాక్ట్ గన్ పెడితే మర వేడెక్కి అరిగిపోతుంది, పైగా రెండు పక్కలా సమానంగా బిగియదు. స్ప్రింగు అరటికాయలా వంగినట్టు కనబడితే ఆపి, వదిలి, మళ్లీ పెట్టాలి. ఎంతదాకా బిగించాలంటే, స్ప్రింగుని చేత్తో పట్టుకు కదిపితే సీటులో గలగలా ఆడాలి. అలా ఆడనంత వరకూ నడిమి నట్టు ముట్టుకోకూడదు. పని జరుగుతున్నంత సేపూ స్ట్రట్ తల మీ వైపు ఉండకూడదు, ఎవరి వైపూ ఉండకూడదు.

ఇంజినీరు: నొక్కి ఉన్న స్ప్రింగులో కొన్ని వందల కిలోల బలం ఉంటుంది. కొక్కెం జారితే తప్పించుకునే వ్యవధి ఉండదు.

వ్యాఖ్యాత: నడిమి నట్టు విప్పితే రాడ్ కూడా తిరుగుతుందంటారు.

మెకానిక్: తిరుగుతుంది. రాడ్ కొసన అల్లెన్ కీతో ఆపి, వంపు పానాతో నట్టు తిప్పాలి. కొందరు ప్లయర్‌తో రాడ్‌నే పట్టుకుంటారు. ఆ మెరిసే రాడ్ మీద గోటికి తగిలేంత గీత పడినా చాలు, అది సీలులోంచి వెళ్లిన ప్రతిసారీ రబ్బరుని కోస్తుంది. కొన్నాళ్లకే షాక్ నూనె కక్కుతుంది.

వ్యాఖ్యాత: కొత్త స్ప్రింగు ఎక్కించడం తేలికేనా?

మెకానిక్: పొట్టిది కాబట్టి చాలావాటికి కంప్రెసర్ అవసరం నామమాత్రమే. ముందుది వెనకది తారుమారు కాకుండా నంబరు చూసుకోవాలి. రాసిన అక్షరాలు తిన్నగా చదవగలిగితే సాధారణంగా పై వైపు సరిగ్గా ఉన్నట్టు. కింది కొస సీటులో ఉన్న మెట్టుకి ఆనాలి. ఆనకపోతే బండి నడిచేటప్పుడు స్ప్రింగు తనంతట తనే తిరిగి ఆ మెట్టులోకి జారుతుంది. పై మౌంట్ బేరింగుని వేలితో తిప్పి చూడండి. గరగరమంటే ఇప్పుడే మార్చేయాలి.

ఇంజినీరు: బంప్ స్టాప్, అంటే షాక్ పూర్తిగా కుంగినప్పుడు ఆపే రబ్బరు దిమ్మ, సంగతి చాలామంది వదిలేస్తారు. 30 మిల్లీమీటర్లు దించారంటే ఆ రబ్బరుకి షాక్ గొట్టం అంత దగ్గరైనట్టే. స్ప్రింగు తయారీదారు ఎంత కత్తిరించమని కాగితంలో రాశాడో అంతే కత్తిరించాలి, అది కూడా చెప్పిన కొసన. ఏమీ చేయకపోతే బండి రబ్బరు మీదే కూర్చుంటుంది. ప్రతి గతుకుకీ నడుం విరుగుతుంది, తిట్లు మాత్రం స్ప్రింగు తింటుంది.

వ్యాఖ్యాత: వెనకవైపు?

మెకానిక్: రెండు వెనక చక్రాలనీ కలిపే ఒకే దూలం, టార్షన్ బీమ్, అయితే అరగంట పని. బీమ్ కింద జాకీ ఆనించి, రెండు వైపులా షాక్ కింది బోల్టులు తీసి, నెమ్మదిగా దించితే స్ప్రింగు చేతికొస్తుంది. దించుతూ బ్రేక్ హోస్‌నీ హ్యాండ్ బ్రేకు కేబుల్‌నీ చూస్తూ ఉండాలి. స్ప్రింగుకి పైనా కిందా ఉన్న రబ్బరు సీట్లు పాత స్ప్రింగుతో పాటే చెత్తలోకి పోతుంటాయి, అవి తీసి కొత్తదానికి పెట్టాలి. ఒక్కో చక్రాన్ని విడివిడిగా పలు ఆర్మ్‌లు పట్టుకునే మల్టీలింక్ అయితే కింది ఆర్మ్ బయటి బోల్టు తీసి ఆర్మ్‌ని జాకీతో దించాలి.

ఇంజినీరు: మల్టీలింక్‌లో స్ప్రింగు చక్రానికి లోపలగా ఉంటుంది. దాని పొడవు 20 మిల్లీమీటర్లు తగ్గితే చక్రం దగ్గర అంతకన్నా ఎక్కువే దిగుతుంది. స్ప్రింగులు పక్కపక్కన పెట్టి కొలిచి కంగారు పడేవాళ్లకి ఇది చెప్పాలి.

వ్యాఖ్యాత: అన్నీ పెట్టేశారు. బిగించడమే మిగిలింది.

మెకానిక్: అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. ఆర్మ్‌ల లోపలి కొసన రబ్బరు బుష్‌లుంటాయి. బోల్టు బిగించగానే బుష్ లోపలి ఇనుప గొట్టం కదలకుండా పట్టుకుపోతుంది. ఆ తర్వాత ఆర్మ్ పైకి కిందికి ఆడేదంతా రబ్బరు మెలి తిరగడం వల్లే. చక్రం వేలాడుతుండగా బిగిస్తే వేలాడే స్థితే రబ్బరుకి సున్నా అవుతుంది. బండి నేల మీదికి దిగగానే అది పూర్తిగా మెలిపడి, అలాగే ఉండిపోతుంది. కొన్ని నెలలకి చీలుతుంది.

వ్యాఖ్యాత: మేం విప్పని బోల్టు కూడానా?

ఇంజినీరు: అదే అసలు విషయం. ఆర్మ్ బోల్టు మీరు ముట్టుకోకపోయినా అది పాత ఎత్తులో బిగించింది. ఎత్తు మారింది కనుక వదులు చేసి కొత్త ఎత్తులో మళ్లీ బిగించాలి.

మెకానిక్: 25 మిల్లీమీటర్లకి అంత అవసరమా అని వాదించేవాళ్లున్నారు. నా మటుకు, పానా చేతిలో ఉండగా చేసేయడమే మంచిది. నకిల్ కింద జాకీ పెట్టి, ముందు రాసుకున్న చక్రం-ఫెండర్ కొలతలోంచి దించిన ఎత్తు తీసేసి, ఆ అంకె వచ్చేదాకా లేపి బిగించాలి. లేపేటప్పుడు బండి స్టాండు మీంచి లేవకుండా చూసుకోవాలి. టార్క్ మాత్రం మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే, పక్కింటి కారుది కాదు. కొన్ని బోల్టులు టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటాయి. వాటిని రెండోసారి వాడకూడదు.

వ్యాఖ్యాత: అలైన్‌మెంట్ వెంటనే చేయించాలా, స్ప్రింగులు సర్దుకున్నాకా?

అలైన్‌మెంట్ నిపుణుడు: వెంటనే. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక స్ప్రింగు ఇంకాస్త కుంగితే మళ్లీ చూపించండి. దించితే క్యాంబర్ నెగెటివ్ అవుతుంది, జనం దాన్ని చూసి భయపడతారు. టైరుని తినేది ఎక్కువగా టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. టైరు లోపలి అంచు మీద అరచేయి అడ్డంగా రాయండి, ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున రంపంలా తగిలితే టో తప్పిందన్నమాట. వెనక ఆర్మ్‌కి హెడ్‌లైటు ఎత్తు సెన్సర్ ఉన్న బండికి దాన్ని కూడా మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి. లేకపోతే లైటు తప్పు చోట పడుతుంది.

ఇంజినీరు: కొన్ని పాత కార్లలో వెనక ఇరుసుకి లివర్‌తో కలిపిన బ్రేక్ ప్రెషర్ వాల్వు ఉంటుంది. బరువు ఎక్కి వెనక భాగం కుంగితే వెనక బ్రేకులకి ఎక్కువ ప్రెషర్ పంపడం దాని పని. స్ప్రింగు వల్ల కుంగినా అది బరువనే అనుకుంటుంది. ఖాళీ బండిలో గట్టిగా బ్రేకు కొడితే వెనక చక్రాలు ముందు లాక్ అవుతాయి. లివర్ సర్దకుండా ఆ బండిని రోడ్డెక్కించకూడదు.

వ్యాఖ్యాత: చివరిగా, బయటికి తీశాక చప్పుళ్లొస్తే?

మెకానిక్: చిన్న గతుకుల మీద టకటకమంటే లింక్ రాడ్ నట్టు, లేదా పైన నడిమి నట్టు. నిలబెట్టిన బండిలో స్టీరింగ్ తిప్పితే టంగుమని స్ప్రింగు మోగితే పై బేరింగు తలకిందులుగానో వంకరగానో కూర్చుంది. ఆ స్ట్రట్ మళ్లీ దించాల్సిందే, గ్రీజు కొడితే పోయేది కాదు.