ఎంగిలి ఒకరిది, గుట్టు ఇంటిల్లిపాదిది

యాంకర్: నమస్కారం. అమెరికాలో వంద డాలర్లు అటూ ఇటూగా పెడితే జన్యు పరీక్ష కిట్ ఇంటికే వస్తోంది. అక్కడున్న మనవాళ్లు కూడా చేయించుకుని రిజల్ట్ స్క్రీన్‌షాట్లు ఫేస్‌బుక్‌లో పెడుతున్నారు. ఈ విషయం మీద మాట్లాడటానికి ఒక జన్యు కౌన్సెలర్, డేటా కేసులు చూసే ఒక లాయర్, డాలస్ నుంచి సెలవులకు వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని స్టూడియోలో ఉన్నారు. మేడమ్, ముందు మీరు చెప్పండి. ఎందుకు చేయించుకున్నారు?

ఉద్యోగిని: ఆఫీసులో అందరూ చేయించుకున్నారండీ. అరగంట ముందు నుంచి మంచినీళ్లు కూడా తాగకూడదు. ట్యూబు మీద ఒక గీత ఉంటుంది, అందాకా ఉమ్మి నింపాలి. నురగ లెక్కలోకి రాదు. నోరెండిపోయి పావుగంట పట్టింది. అప్పుడు మా అమ్మ నా దగ్గరే ఉంది. "ఎంగిలి డబ్బాలో పెట్టి ముక్కూమొహం తెలియని వాళ్లకు పంపుతావా?" అంది. పాతకాలం చాదస్తం అనుకున్నాను.

యాంకర్: రిజల్ట్?

ఉద్యోగిని: మా పూర్వీకుల మూలాలు దాదాపు అంతా దక్షిణ భారతమే. అయినా పోస్టు పెట్టాను. కాసేపటికే "మీ హాప్లోగ్రూపు ఏంటి, మీదే కులం" అని మొదలుపెట్టి, ఆర్యులెవరు, ద్రావిడులెవరు అని నా పోస్టు కిందే కొట్టుకున్నారు.

కౌన్సెలర్: ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. హాప్లోగ్రూపు తల్లి తల్లి వైపుగానో, తండ్రి తండ్రి వైపుగానో వెనక్కి వెళ్లే ఒక్క దారి చెబుతుంది. పది తరాలు వెనక్కి వెళ్తే లెక్క ప్రకారం 1,024 మంది పూర్వీకులు. అందులో ఒక్కరిని పట్టుకుని కులం చెప్పేస్తారా? పైగా ఆడవాళ్లకు వై క్రోమోజోమే ఉండదు, కాబట్టి ఈవిడ పరీక్షలో తండ్రి వైపు దారి కనిపించదు. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లోనే చూపించారు: మన దేశంలో చాలావరకు జనమంతా రెండు ప్రాచీన జనసమూహాల కలయిక. పాళ్లలో తేడా, అంతే.

లాయర్: నేను అమ్మగారి మాట దగ్గరికి వస్తానండీ. అది చాదస్తం కాదు. 2023 అక్టోబరులో, ఇలాంటి కిట్లు అమ్మే అమెరికా కంపెనీ 23అండ్‌మీ సంగతి బయటపడింది. వేరే చోట్ల దొరికిన పాస్‌వర్డ్‌లతో హ్యాకర్లు నేరుగా దూరింది సుమారు 14,000 ఖాతాల్లోకే. కానీ అందులో బంధువులను కలిపే సదుపాయం ఉంది. దాని ద్వారా 69 లక్షల మంది వివరాలు పోయాయి. వాళ్లలో చాలామంది పాస్‌వర్డ్ విషయంలో ఏ తప్పూ చేయలేదు. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కోటిన్నర మంది డేటా ఎవరి చేతికి పోతుందోనని ఒకటే టెన్షన్. మీ డేటా, శాంపిల్ తీసేయించుకోవచ్చని కాలిఫోర్నియా అటార్నీ జనరలే జనానికి గుర్తుచేశారు. అంతకుముందు పూర్వీకుల మూలాల పర్సెంటేజీలు చూపించి మురిసిపోయిన చోటే, ఖాతా ఎలా డిలీట్ చేయాలో ఒకరికొకరు చెప్పుకున్నారు.

యాంకర్: చివరికి వ్యవస్థాపకురాలి సంస్థే కొనుక్కుంది కదా?

లాయర్: అవును, ఆన్ వొజిస్కీ పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ, 30.5 కోట్ల డాలర్లకు. కానీ సంతకం పెట్టేది ఒక్కరు, వివరాలు మాత్రం చుట్టాలవి కూడా. మన 2023 డేటా రక్షణ చట్టంలో కూడా జన్యు సమాచారానికి విడిగా ఒక విభాగం లేదు.

ఉద్యోగిని: మాకు జరిగింది అదేనండీ. ఆ రిపోర్టులో నేను బీటా తలసీమియా క్యారియర్‌నని వచ్చింది, అంటే వంశపారంపర్యంగా వచ్చే ఆ రక్తజబ్బు జన్యువు నాలో ఉందన్నమాట. నాకేమీ జబ్బు లేదు కాబట్టి అది కూడా పోస్టులో పెట్టేశాను. అప్పుడే మా తమ్ముడికి సంబంధం మాట్లాడుతున్నారు. పెళ్లివాళ్ల తరఫు ఎవరో చూసి, "అబ్బాయికి రక్తంలో ఏదో జబ్బట కదా" అని ఫోన్ చేశారు. నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

కౌన్సెలర్: తల్లిదండ్రుల్లో ఒక్కరే క్యారియర్ అనుకుంటే, మీకు ఉన్నది తమ్ముడికి కూడా ఉండే అవకాశం సగం. ఉన్నా ఆయన మామూలుగానే బతుకుతారు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితేనే, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. అది తేల్చడానికి అమెరికా కిట్ అక్కర్లేదు. ఇక్కడి ల్యాబులోనే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేస్తారు. పెళ్లికి ముందు ఇద్దరూ చేయించుకోవాలని నేను కనిపించిన ప్రతివాళ్లకూ చెబుతాను. పరీక్ష మంచిదేనమ్మా. నలుగురిలో పెట్టడమే కొంప ముంచింది.

ఉద్యోగిని: అమ్మాయే ముందుకొచ్చి, "ఇద్దరం చేయించుకుందాం" అందట. చేయించుకున్నారు. పెళ్లి కూడా అయింది. నేను పోస్టు తీసేశాను కానీ, ఆ స్క్రీన్‌షాట్ ఇంకా వాళ్ల చుట్టాల ఫోన్లలో ఉంది.

యాంకర్: తమ్ముడి పరీక్షలో ఏమొచ్చింది?

ఉద్యోగిని: అది వాడు చెప్పుకోవాల్సిన సంగతండీ. నేను వాడిని అడగలేదు.