పాత డీజిల్ టువరెగ్‌తో క్యాంపర్ లాగొచ్చా? బైబ్యాక్ కథ, బరువు లెక్కలు

నమస్కారం అండీ. డాలస్‌లో ఉండే మన ప్రేక్షకుడు ఒకాయన అడిగారు: "2014 ఫోక్స్‌వ్యాగన్ టువరెగ్ టీడీఐ, అంటే డీజిల్ ఎస్‌యూవీ, ఒకటి అమ్మకానికి వచ్చింది, ధర కూడా అందుబాటులో ఉంది. బండి వెనక లాక్కెళ్లే క్యాంపర్ ఒకటి, 17 అడుగుల కసీటా ట్రైలర్ కొన్నాం. పిల్లలతో కొలరాడో దాకా వెళ్లాలని ఉంది. ఈ బండి లాగుతుందా? దీనికేదో పొగ గొడవ ఉందంటున్నారు, కొనొచ్చా?"

లాగుతుందండీ, ఆ విషయంలో అనుమానం అక్కర్లేదు. పొగ గొడవ కూడా నిజమే. ఈ రెండింటికీ లోపల ఒక లంకె ఉంది. అది తెలిస్తే బండి చూడటానికి వెళ్లినప్పుడు ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ముందు లాగే సంగతి. అమెరికాలో అమ్మిన టువరెగ్‌కి కంపెనీ ఇచ్చిన లాగే పరిమితి 7,716 పౌండ్లు. అంటే 3,500 కిలోలు. మూడు లీటర్ల వీ6 డీజిల్ ఇంజన్, 240 హార్స్‌పవర్. హార్స్‌పవర్ చూస్తే మామూలే అనిపిస్తుంది. టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం, మాత్రం 406 పౌండ్-ఫీట్. అదీ ఇంజన్ నిమిషానికి 1,750 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగితేనే అందుతుంది. అదే కాలపు టొయోటా హైలాండర్ వీ6 తీసుకోండి, పెట్రోల్ బండి. హార్స్‌పవర్ 270, డీజిల్ కంటే ఎక్కువే. టార్క్ 248, అది కూడా 4,700 ఆర్‌పీఎం దాకా తిరిగితే గానీ రాదు.

ఈ తేడా కొలరాడోలో డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద పడమరకి వెళ్తుంటే తెలుస్తుంది. ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంటుంది. టర్బో లేని పెట్రోల్ ఇంజన్‌కి ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం శక్తి తగ్గుతుంది. సొరంగం దగ్గరికి వచ్చేసరికి మూడో వంతు పోయినట్టే. వెనక ట్రైలర్ ఉంటే గేర్లు కిందికి పడుతూ, ఇంజన్ కేకలు పెడుతూ, కుడి లేన్‌లో లారీల వెనకే పోవాలి. టర్బో డీజిల్ అయితే అదే ఎత్తు 2,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల నిదానంగా, నిబ్బరంగా ఎక్కేస్తుంది. చిన్న క్యాంపర్లు లాగేవాళ్లు ఈ బళ్లను అంత ఇష్టపడ్డారంటే అందుకే. మైలేజీ వచ్చేది, పికప్ ట్రక్ అవసరం లేకపోయేది, మిగతా రోజుల్లో పిల్లల్ని బడిలో దింపడానికీ అదే బండి. ఆ ఇష్టంలో తప్పు లేదు. ఇంజనీరింగ్ పరంగా అది నిజంగా మంచి ఇంజన్.

ఇక పొగ సంగతి. డీజిల్ ఇంజన్ గట్టిగా పని చేసేకొద్దీ లోపల వేడి పెరుగుతుంది. ఆ వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. నాక్స్ అంటారు. ఇది కంటికి కనిపించే నల్ల పొగ కాదు. ఎండలో ఓజోన్‌గా, స్మాగ్‌గా మారి ఆస్తమా ఉన్నవాళ్ల ఊపిరి పట్టేస్తుంది. దీన్ని అణచడానికి ఎగ్జాస్ట్‌లోకి యూరియా ద్రావణం చిమ్ముతారు. అమెరికాలో డెఫ్ అంటారు, యూరప్‌లో యాడ్‌బ్లూ. మన హైవేల మీద బంకుల్లో లారీల కోసం బకెట్లలో, క్యాన్లలో అమ్మేది కూడా ఇదే.

బరువు లాగితే నాక్స్ ఎక్కువ. నాక్స్ ఎక్కువైతే యూరియా ఎక్కువ కావాలి. లెక్క ఇంతే. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తప్పు చేసింది సరిగ్గా ఇక్కడే. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య, అంటే దాదాపు 10,000 మైళ్ల దాకా, యజమాని ఆ ట్యాంకు జోలికి పోనక్కర్లేకుండా ఉండాలనుకున్నారు. ట్యాంకు అంతకు సరిపోదు. దాంతో పరీక్ష జరిగేటప్పుడు యూరియా సరిపడా చిమ్మి, రోడ్డు మీద తగ్గించేలా సాఫ్ట్‌వేర్ రాశారు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. శుభ్రంగా నడపటానికి కావాల్సిన సరంజామా అంతా బండిలోనే ఉంది. అదనంగా కావాల్సింది ఇంకొన్ని గ్యాలన్ల నీలం మూత ద్రావణం. ట్రైలర్ లాగేవాళ్లకి ఆ మాట ముందే చెప్పి ఉంటే సంతోషంగా పోసుకునేవారు.

బయటపడింది ఎలాగంటే, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో డ్యాన్ కార్డర్ నడిపే చిన్న బృందం 2013లో కార్లకి పరికరాలు కట్టి అసలు రోడ్ల మీద తిప్పింది. ఆ బృందంలో మన దేశం నుంచి వెళ్లిన అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న కూడా ఉన్నారు. ఫోక్స్‌వ్యాగన్ జెట్టా, పసాట్ రెండూ నాక్స్ పరిమితిని ఎన్నో రెట్లు దాటాయి. వాళ్లే పరీక్షించిన బీఎండబ్ల్యూ ఎక్స్5 డీజిల్ మాత్రం చాలావరకు పరిమితిలోనే ఉంది, కొండ దారుల్లో తప్ప. అంటే శుభ్రమైన డీజిల్ ఎస్‌యూవీ చేయడం సాధ్యం కానిదేమీ కాదు.

2015 సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, రెండు లీటర్ల ఇంజన్ కార్ల మీద ఫోక్స్‌వ్యాగన్‌కి నోటీసు ఇచ్చింది. వాటి నాక్స్ పరిమితికి 40 రెట్ల దాకా ఉందన్నారు. నవంబర్ 2న రెండో నోటీసు మూడు లీటర్ల బళ్ల మీద: టువరెగ్, పోర్షా కయెన్, ఆడీ క్యూ5 లాంటివి. ఇక్కడ 9 రెట్ల దాకా. ఆ నోటీసులో ఒక అంకె ఉంది, 1,370 సెకన్లు. ప్రామాణిక పరీక్షలో మొదటి దశలు పూర్తి కావడానికి పట్టే సమయం అది. అంతసేపూ బండి బుద్ధిగా ఉంటుంది. ఆ మరుసటి సెకనులో సెట్టింగులు మారిపోయి నాక్స్ పెరుగుతుంది. ఇరవై మూడు నిమిషాలు కూడా నిండవండీ. క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లే దారిలో ఊరు దాటేలోపే అయిపోతాయి. మిగతా కొండంతా అడ్డూ అదుపూ లేని పొగతోనే.

తర్వాత కేసు శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి చార్లెస్ బ్రేయర్ ముందుకు వచ్చింది. రెండు లీటర్ల కార్ల ఒప్పందానికి 2016 అక్టోబర్‌లో ఆమోదం పడింది. మొత్తం 1,470 కోట్ల డాలర్ల దాకా, అందులో వెయ్యి కోట్లకు పైగా యజమానుల కోసం. మన ఎస్‌యూవీల ఒప్పందం 2017 మే నెలలో. వాటిని రెండు తరాలుగా విడదీశారు. 2009 నుంచి 2012 దాకా వచ్చినవి మొదటి తరం. వాటిని పూర్తిగా ప్రమాణాలకు తేవడం కుదరదని తేలింది కాబట్టి వెనక్కి కొనేస్తామన్నారు. 2013 నుంచి 2016 దాకా వచ్చినవి రెండో తరం. వాటికి మరమ్మతు చేసి, పైన నష్టపరిహారం ఇస్తామన్నారు. ఆ పరిహారం దాదాపు 7,000 నుంచి 16,000 డాలర్ల వరకు ఉంది.

ఈ బైబ్యాక్‌లో నాకు నచ్చిన ముఖ్యమైన విషయం, ధర కట్టిన పద్ధతి. గొడవ బయటపడ్డాక డీజిల్ బళ్లకి బజార్లో విలువ పడిపోయింది. ఆ పడిన ధర ఇచ్చి చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోలేదు. గొడవకు ముందున్న విలువే ఆధారం, మైళ్లని బట్టి సర్దుబాటు, పైన పరిహారం. బండి తనంతట తాను నడిచి వస్తే చాలు. కొందరు దీన్ని అలుసుగా తీసుకుని సీట్లు, తలుపులు ఊడదీసి అప్పజెబితే, అది తగదని జడ్జి బ్రేయర్ కోర్టులోనే అన్నారు. వెనక్కి వచ్చిన కార్లు లక్షల్లో. డెట్రాయిట్ దగ్గర పాంటియాక్ సిల్వర్‌డోమ్ స్టేడియం పార్కింగ్‌లో, కాలిఫోర్నియాలో విక్టర్‌విల్ ఎయిర్‌పోర్టు పక్క ఎడారిలో వరసలు వరసలుగా నిలబెట్టారు.

ట్రైలర్ ఉన్నవాళ్లకి మాత్రం ఇది అంత తేలిక నిర్ణయం కాలేదు. చెక్కు బాగానే వస్తుంది. ఆ చెక్కుతో అంతే లాగే డీజిల్ ఎస్‌యూవీ ఇంకోటి కొందామంటే ఎక్కడుంది? ఫోక్స్‌వ్యాగన్ అమెరికాలో డీజిల్ అమ్మడం మానేసింది. జీప్ గ్రాండ్ చెరోకీ ఎకోడీజిల్ వైపు చూసినవాళ్లకి 2017 జనవరిలో దాని మీద కూడా ఈపీఏ నోటీసు వచ్చింది. 2014-16 మధ్య వచ్చిన జీప్‌లు, రామ్ 1500 ట్రక్కులు కలిపి సుమారు 1,04,000 బళ్లు. అక్కడ బైబ్యాక్ లేదు, సాఫ్ట్‌వేర్ మార్చి పరిహారం ఇచ్చారు. 2020లో మెర్సిడెస్ డీజిళ్లదీ అదే దారి.

ఇండియాలో ఏమైందని మీలో చాలామంది అడుగుతారు. 2015 డిసెంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడీ కలిపి సుమారు 3,23,000 డీజిల్ కార్లను సాఫ్ట్‌వేర్ మార్చడానికి వెనక్కి పిలిచారు. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల రూపాయలు కట్టమంది, ఆ ఆదేశం మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వెంటో, రాపిడ్ డీజిల్ కొన్న మనిషికి చేతికి వచ్చింది ఒక అప్‌డేట్ మాత్రమే. అప్పటి బీఎస్-4 నిబంధనల్లో రోడ్డు మీద నాక్స్ కొలిచే ఏర్పాటే లేదు. ఆ రూలు 2023 ఏప్రిల్‌లో గానీ రాలేదు. అదే కంపెనీ, అదే మోసం. అమెరికాలో కొన్నవాడికి ఒక న్యాయం, మన ఊళ్లో కొన్నవాడికి ఇంకో న్యాయం. నాకైతే ఇది ఎప్పటికీ మింగుడు పడదు.

సరే, డాలస్ ప్రశ్నకి వద్దాం. 7,716 పౌండ్లు లాగుతుంది కదా, కసీటా 3,500 పౌండ్లే కదా అని ధీమాగా ఉండకండి. అసలు పరిమితి డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే పసుపు-తెలుపు స్టిక్కర్ మీద ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని రాసి ఉంటుంది. ట్రైలర్ ముందు భాగం హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు కూడా అందులోకే వస్తుంది. అది ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి.

స్టిక్కర్ మీద 1,200 ఉందనుకుందాం. 3,500 పౌండ్ల ట్రైలర్‌కి 12 శాతం అంటే 420. హిచ్ ఇనుము 50. మీరిద్దరు, పిల్లలిద్దరు కలిసి 500. కూలర్, రైస్ కుక్కర్, కుర్చీలు, బ్యాగులు 230. మొత్తం 1,200, అంచు మీద ఉన్నారు. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారిని మధ్య సీట్లో కూర్చోబెట్టుకుంటే దాటేశారు. ట్రైలర్ మాత్రం బండి లాగగలిగే దాంట్లో సగం కూడా లేదు. అప్పుడు సామాను తగ్గించాలి, లేదా కొంత ట్రైలర్‌లోకి మార్చాలి. అలా మార్చినప్పుడు ట్రైలర్ పరిమితి కూడా చూడాలి. ఊహించుకోవద్దు, హైవే ట్రక్ స్టాపుల్లో బళ్లు తూచే క్యాట్ స్కేల్ ఉంటుంది. కొద్ది డాలర్లకే ఇరుసుల వారీగా బరువు కాగితం చేతిలో పెడతారు.

బరువు తగ్గించాలని ట్రైలర్ వెనక వైపు సామాను తోసేయడం ఇంకా ప్రమాదం. ఎద్దుబండి తోలినవాళ్లకి చెప్పక్కర్లేదు, వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది. ఇక్కడ కాడి లేవడమే కాదు, 65 మైళ్ల వేగంలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. సుమారు 60 శాతం బరువు ఇరుసుకి ముందే ఉండాలి. ఊగడం మొదలైతే బండి బ్రేకు తొక్కకండి, యాక్సిలరేటర్ వదిలి, ట్రైలర్ బ్రేకుల్ని డ్రైవర్ సీటు నుంచే నడిపే బ్రేక్ కంట్రోలర్ మీద ఉన్న మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయండి. ఆ కంట్రోలర్ పెట్టించకుండా బయల్దేరొద్దు. టెక్సాస్‌లో 4,500 పౌండ్ల దాకా ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి కాదు, కాలిఫోర్నియాలో 1,500 దాటితే తప్పనిసరి. చట్టం ఎలా ఉన్నా, కొండ దిగేటప్పుడు 3,500 పౌండ్లు వెనక నుంచి తోస్తుంటే బండి బ్రేకులు ఒక్కటే చాలవు. బరువు పంచే హిచ్ కొనేముందు మాన్యువల్ చదవండి, యూరప్ బళ్లు కొన్నింటికి అది వద్దని రాసి ఉంటుంది. ట్రైలర్‌తో కాలిఫోర్నియాలోకి వెళ్తే వేగ పరిమితి 55 అని కూడా గుర్తుంచుకోండి.

బండి చూడటానికి వెళ్లినప్పుడు ముందు వీఐఎన్ (బండి గుర్తింపు) నంబర్‌తో డీలర్‌ని అడిగి, కాలుష్య మరమ్మతు జరిగిన రికార్డు తీసుకోండి. 2013-16 టువరెగ్‌లకి ఆ మరమ్మతును ఈపీఏ 2017 అక్టోబర్‌లో ఆమోదించింది. మరమ్మతు అయిన బండి యూరియా ఎక్కువ తాగుతుంది, అమ్మేవాళ్లు దాన్ని లోపంగా చెప్పినా మీరు కంగారు పడకండి. ఆ ఇంజన్ మొదటి నుంచీ తాగాల్సింది అంతే. ట్రైలర్‌తో వెళ్లేటప్పుడు ఒక జగ్గు డెఫ్ వెంట ఉంచుకోండి. తర్వాత డెఫ్ హీటర్, నాక్స్ సెన్సార్ల మీద ఏమైనా లోపం కోడ్లు ఉన్నాయేమో స్కాన్ చేయించండి. అప్పట్లో ఇచ్చిన పొడిగింపు వారంటీ చాలా బళ్లకి ఈపాటికి అయిపోయి ఉంటుంది, ఆ భాగాల ఖర్చు మీ జేబులోంచే. కొలరాడోలో చలికి డెఫ్ సుమారు 12 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గడ్డకడుతుంది, అందుకని హీటర్ పనిచేస్తోందో లేదో తప్పకుండా చూడాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే కొనుక్కోండి, కసీటాకి ఇంతకంటే హాయిగా లాగే బండి ఆ ధరలో దొరకడం కష్టం. మరమ్మతు రికార్డు లేదంటే మాత్రం వదిలేయండి, ఎంత తక్కువకి ఇస్తామన్నా సరే.