గుర్రం అంటే ఏమిటి?

మిత్రులారా, నమస్కారం.

పోస్ట్‌హ్యూమనిజం, అంటే మనిషే అన్నిటికీ కేంద్రం అన్న నమ్మకాన్ని ప్రశ్నించే ఆలోచన, అనగానే ఈ రోజు రోబోల గురించి వింటామని చాలామంది అనుకుంటారు. నేను మాత్రం మిమ్మల్ని 1854కి తీసుకెళ్తాను. ఆ ఏడాది చార్లెస్ డికెన్స్ తన వారపత్రికలో ‘హార్డ్ టైమ్స్’ నవలను సీరియల్‌గా రాశాడు. మనిషి, జంతువు, యంత్రం మూడూ కోక్‌టౌన్ అనే మిల్లుల ఊళ్లో ఎదురుపడతాయి.

నవల మొదలయ్యేదే తరగతి గదిలో. గ్రాడ్‌గ్రైండ్ అనే పెద్దమనిషి సిస్సీ జూప్‌ను ‘ఇరవయ్యో నంబరు’ అని పిలిచి, గుర్రాన్ని నిర్వచించమంటాడు. ఆమె తండ్రిది సర్కస్‌లో గుర్రాలతో పని. వాటి మధ్యే పెరిగిన ఆ పిల్లకు నోరు పెగలదు. బిట్జర్ అనే కుర్రాడు లేచి, నాలుగు కాళ్లు, గడ్డి మేత, నలభై పళ్లు అంటూ అప్పజెబుతాడు. గుర్రాన్ని పళ్ల లెక్కగా మార్చిన చూపే పిల్లనూ నంబరుగా మార్చింది. జంతువును వట్టి వస్తువుగా చూడటం అలవాటైన చోట మనిషికీ రక్షణ ఉండదు. నవల పొడవునా నాకు కనిపించేది ఇదే.

మిల్లుకు వెళ్దాం. అక్కడ కార్మికులను ‘చేతులు’ అంటారు. దేవుడు వీళ్లకు చేతులు, పొట్టలు మాత్రమే ఇచ్చి ఉంటే కొందరికి ఇంకా నచ్చేవారని డికెన్స్ ఘాటుగా రాస్తాడు. ఆవిరి యంత్రానికేమో డికెన్స్ మనసు ఇచ్చాడు, అదీ దిగులుతో పిచ్చెక్కిన ఏనుగు మనసు. ఇదంతా అలంకారమే కదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఆ ఏనుగులు నవలలో మళ్లీ మళ్లీ వస్తాయి, కార్మికులతో పాటే రోజంతా ఒకే కదలికలో మగ్గుతాయి. మనిషిని భాగాలుగా విడదీసిన వ్యవస్థ యంత్రాన్నీ పిచ్చిదాన్ని చేసింది.

చివర్లో, బ్యాంకు దోచి సర్కస్‌లో దాక్కున్న గ్రాడ్‌గ్రైండ్ కొడుకును పట్టుకోవడానికి బిట్జరే వస్తాడు. అతను ఎక్కిన బండికి కట్టిన సర్కస్ గుర్రం నాట్యం మొదలుపెడుతుంది, తెల్లవారేదాకా ముందుకు కదలదు. దొంగ తప్పించుకుంటాడు. నలభై పళ్లు లెక్కపెట్టినవాడికి గుర్రం ఏం చేయగలదో తెలియలేదు!

ఈ ఘట్టం నాకెంతో ఇష్టం. అయినా డికెన్స్‌తో ఒక పేచీ ఉంది. అతని గుర్రాలు, కుక్కలు మనుషుల కష్టం తీర్చడానికే ముందుకొస్తాయి. ఆ గుర్రానికి నాట్యం ఎవరు నేర్పారు, అది ఏం కోల్పోయి నేర్చుకుంది అన్న ప్రశ్న కార్మికుల పక్షాన అంత గట్టిగా నిలబడ్డ రచయితకు కూడా తోచలేదు.