మరుగుజ్జు గెలాక్సీలో ముసలి చుక్కలు

శ్రోతలకు నమస్కారం.

ఖగోళ శాస్త్రజ్ఞుల లెక్కలో లోహమంటే హైడ్రోజన్, హీలియం కాని ప్రతిదీ. కార్బన్ లోహమే, ఆక్సిజన్ కూడా లోహమే! రసాయన శాస్త్రం చదివినవాళ్లు తల పట్టుకుంటారు గానీ, ఈ వాడుక ఇప్పట్లో పోయేది కాదు. విశ్వం మొదలైనప్పుడు ఉన్నవి హైడ్రోజన్, హీలియం, చిటికెడు లిథియం. మిగతావి దాదాపు అన్నీ తారలు వండి వార్చినవే. కాబట్టి ఒక తారలో లోహాలు ఎంత తక్కువుంటే, దానికి ముందు అన్ని తక్కువ తరాలు గడిచాయన్నమాట.

అలాంటి తారలు పాలపుంతలోనూ ఉన్నాయి. కాకపోతే పాలపుంత ఎన్నో చిన్న గెలాక్సీలను మింగి పెరిగింది, ఏ చుక్క ఎక్కడిదో తేల్చడం కష్టం. మరుగుజ్జు గెలాక్సీ, అంటే పాలపుంత కన్నా ఎంతో చిన్న గెలాక్సీ, దానిలో అందరూ ఒక ఇంటివాళ్లే. 1938లో అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు హార్లో షాప్లీ ప్రకటించిన స్కల్ప్టర్ మరుగుజ్జు గెలాక్సీ అలాంటిది. దూరం దాదాపు 2 లక్షల 80 వేల కాంతి సంవత్సరాలు.

అంత దూరాన సూర్యుడి వంటి తార వర్ణపటం, అంటే దాని వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ, చాలా మసక. అందుకే వయసు మళ్లి ఉబ్బి, బాగా వెలిగే ఎర్ర మహాతారలను ఎంచుకుంటారు. ముందు తార వేగం చూస్తారు. గెలాక్సీ వేగంతో కలవకపోతే అది దారిలో అడ్డొచ్చిన పాలపుంత తార కావచ్చు. తర్వాత ఉష్ణోగ్రత, ఉపరితల గురుత్వం అంచనా కట్టి, వర్ణపటంలోని నల్లగీతల బలం నుంచి మూలకాల పాళ్లు లెక్కిస్తారు. ఉష్ణోగ్రతలో 100 డిగ్రీల పొరపాటు జరిగితే, లోహాలకు కొలమానంగా తీసుకునే ఇనుము లెక్క సుమారు 25 శాతం తప్పుతుంది. కార్బన్‌తో ఇంకో పేచీ ఉంది. మహాతార లోపలి పదార్థం పైకి కలిసేసరికి పుట్టుకతో వచ్చిన కార్బన్‌లో కొంత నైట్రోజన్‌గా మారి ఉంటుంది. ఆ లోటును లెక్కలో తిరిగి కలపాలి.

అసలు దెబ్బ మాత్రం కొలబద్ద దగ్గరే తగిలింది. వందల తారలను త్వరగా చూడటానికి 849.8, 854.2, 866.2 నానోమీటర్ల దగ్గరుండే మూడు కాల్షియం గీతలు వాడేవారు. అవి మసక వర్ణపటంలోనూ కనిపించేంత బలమైనవి. గీతల బలం కొలిచి, ఒక సూటి సూత్రంలో వేస్తే ఇనుము ఎంతో వచ్చేది. ఆ సూత్రాన్ని సరిచూసింది గోళాకార తారాగుచ్ఛాల మీద, అంటే బంతిలా గుమిగూడిన తారల గుంపుల మీద, వాటిలో మరీ లోహం తక్కువున్నవి లేవు. లోహాలు బాగా తగ్గితే గీతకు రెండు పక్కలా పరుచుకునే రెక్కలు పోయి, నడిమి భాగమే మిగులుతుంది. అక్కడినుంచి లోహం ఎంత తగ్గినా గీత అంత చప్పున తగ్గదు. సూత్రమేమో ఇనుము ఎక్కువున్నట్టు చూపిస్తుంది. ఫలితంగా, సూర్యుడి ఇనుములో వెయ్యో వంతు కన్నా తక్కువున్న తారలు స్కల్ప్టర్ లాంటి మరుగుజ్జుల్లో లేనే లేవని 2006లో తేల్చారు. 2010లో సూత్రం సరిదిద్దారు. అదే ఏడు స్కల్ప్టర్‌లో సుమారు 6 వేలో వంతు ఇనుమే ఉన్న తార బయటపడింది. చుక్కలు ఎక్కడికీ పోలేదు, లెక్కే వాటిని దాచేసింది.

2021లో స్కల్ప్టర్‌లోనే ఇంకా లోతుకు వెళ్లారు. ఏఎస్ 0039 అనే తారలో ఇనుము సూర్యుడితో పోలిస్తే సుమారు 13 వేలో వంతు. ఇంత తక్కువ ఇనుమున్న పాలపుంత తారల్లో తరచూ కార్బన్ దండిగా ఉంటుంది, దీనిలో అదీ కొరతే. ఈ పాళ్లకు బాగా సరిపోయిన లెక్క ఏమిటంటే, సూర్యుడికి దాదాపు 20 రెట్లు బరువున్న, లోహమే లేని తొలితరం తార, మామూలు సూపర్నోవా (భారీ తార చివరి పేలుడు) కన్నా 10 రెట్ల శక్తితో పేలడం. ఆ ఒక్క పేలుడు బూడిద దీనిలో మిగిలి ఉండాలి.

గెలాక్సీ చిన్నదైతే ఒక్క సంఘటన ముద్ర చెరిగిపోదు. 2015లో దొరికిన రెటిక్యులం 2 అనే మరుగుజ్జు గెలాక్సీ దీనికి ఇంకా గట్టి సాక్ష్యం. అందులోని 9 ప్రకాశవంతమైన మహాతారలను చిలీలోని మాజెల్లాన్ టెలిస్కోపుతో చూస్తే, 7 తారల్లో యూరోపియం అనే బరువు మూలకం ఇనుముతో పోల్చి సూర్యుడిలో కన్నా దాదాపు 50 రెట్లు ఉంది. ఇలాంటి ఇతర అతి మసక మరుగుజ్జుల్లో ఈ జాతి బరువు మూలకాలు చాలా కొద్దిగానే ఉంటాయి. మామూలు సూపర్నోవాలే కారణమైతే అన్నిచోట్లా ఇలాగే ఉండాలి కదా! కాబట్టి అరుదైన ఘటన ఏదో ఇక్కడ జరిగింది. రెండు న్యూట్రాన్ తారలు (పేలిన భారీ తారల్లో మిగిలే అతి చిక్కటి గుండెలు) ఢీకొనడం మీదే ఎక్కువమంది అనుమానం. అలాంటి ఢీ బరువు మూలకాలను తయారుచేయగలదని 2017 ఆగస్టు 17న అలాంటి ఢీ నుంచి పట్టుబడ్డ గురుత్వ తరంగాలు, వెంట వచ్చిన వెలుగు చూపాయి.

ఇక ఆ తొమ్మిదిలో మిగిలిన రెండు తారల్లో యూరోపియం జాడ దొరకలేదు. ఇనుము అన్నిటికన్నా తక్కువున్నవీ ఆ రెండే. ఆ అరుదైన ఘటన జరగకముందే అవి పుట్టి ఉండాలి.