ఎర్రటి బంగారం

శ్రోతలకు నమస్కారం. ఒంట్లో దాగిన క్యాన్సర్‌ను కనిపెట్టడానికి వాడిచూస్తున్న నానో రేణువులనే అతిసన్న రేణువుల గురించి ఇవాళ చెప్పుకుందాం. మొన్న నెల్లూరు ఆచారి వీధిలో నగలు చేసే ఒకాయనతో మాటల్లో, బంగారాన్ని మరీ సన్న రేణువులు చేస్తే ఎర్రగా కనపడుతుందన్నాను. "బంగారం ఎర్రగా ఉండేదేందయ్యా! రాగి ఎక్కువ కలిపుంటారు" అని నవ్వేశాడు. రాగి కాదు. ఇరవై నానోమీటర్ల బంగారు రేణువులు కలిసిన నీళ్లు దానిమ్మ రసంలా ఉంటాయి. ఇంగ్లండు శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే 1857లోనే ఈ సంగతి రాశాడు. గర్భ పరీక్ష పట్టీల్లో చాలావాటి మీద పడే ఎర్ర గీత ఈ బంగారమే. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు, ఇక మీరే ఊహించుకోండి.

మైపాడు తీరంలో వల అల్లేవాళ్లను చూసుంటారు. ఒక్కో ముడీ కుదురుగా వేస్తారు. హడావిడిగా అల్లితే సందులు పడతాయి. క్యాన్సర్ గడ్డ తన రక్తనాళాలను అలా హడావిడిగానే అల్లుకుంటుంది. మామూలు నాళం దాటలేని రేణువులు ఆ సందుల్లోంచి జారి గడ్డలో చేరతాయి. జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయేదా 1986లో ఈ గుట్టు బయటపెట్టారు. బంగారం ఎక్స్‌రేలను అడ్డుకుంటుంది కనక, అది చేరినచోటు సీటీ స్కాన్‌లో తెల్లగా తేలుతుంది.

నాకు ఇంతకంటే ముచ్చటేసేది ఇనుము కథ. ఐరన్ ఆక్సైడ్ నానో రేణువులు ఎక్కిస్తే, రోగాలతో పోరాడే చిన్న లింఫు గ్రంథుల్లోని కావలి కణాలు వాటిని మింగేస్తాయి. ఎంఆర్‌ఐలో ఆ గ్రంథి నల్లబడుతుంది. క్యాన్సర్ ఆక్రమించిన చోట మింగే కణాలుండవు, అక్కడ నలుపెక్కదు. అంటే రేణువు పోనిచోటే దొంగ ఉన్నాడన్నమాట! 80 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులను ఇలా పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. వాపు కనపడని గ్రంథుల్లో దాగిన క్యాన్సర్ కూడా దొరికింది.

అయితే సంబరపడిపోకండి. పాత ప్రయోగాలెన్నో కలిపి 2016లో లెక్కేస్తే, ఎక్కించిన రేణువుల్లో గడ్డకు చేరేది సుమారు 0.7 శాతమే అని తేలింది. చాలా భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. 2023లో నోబెల్ తెచ్చిన క్వాంటం డాట్లనే నానో రేణువులు రంగురంగులుగా వెలుగుతాయి కానీ, వాటిలో చాలావరకు కాడ్మియం ఉంటుంది. అది విషం. అందుకే మనిషి ఒంట్లోకి ఎక్కించడానికి జంకుతున్నారు.

ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా డాక్టరుగారు ఇవాళ రాసేది మామూలు స్కానూ, గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీనే. ఎంఆర్‌ఐకి ముందు సాధారణంగా ఎక్కించేది గడోలినియం మందు, నానో రేణువు కాదు. మూత్రపిండాల జబ్బుంటే మాత్రం సూది వేయకముందే చెప్పండి. ఉంటాను, నమస్కారం.