మంట తగ్గింది, కానీ ముద్ద దిగడం లేదు: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: లైన్‌లో ఉన్నారమ్మా, చెప్పండి.

కాలర్: నమస్కారం డాక్టర్ గారూ. మా ఆయన గురించండీ, 56 ఏళ్లు. పన్నెండేళ్లుగా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. రాత్రిళ్లు పులుపు గొంతులోకి ఎగదన్నుకొచ్చి లేచి కూర్చునేవారు, దిండు పక్కన గ్యాస్ మాత్రల షీటు ఉండాల్సిందే. ఈమధ్య మంట దానంతటదే తగ్గితే సంతోషించాం. కానీ రెండు నెలల నుంచి ముద్ద రొమ్ము ఎముక వెనక ఆగినట్టుందని నీళ్లు తాగి దించుకుంటున్నారు. ఇది క్యాన్సర్ అవుతుందని ఎవరో అన్నారు, అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

డాక్టర్: సిగరెట్ అలవాటుందా? బరువు తగ్గారా?

కాలర్: ఇరవై ఏళ్లు తాగి మానేశారండీ. పొట్ట ఎక్కువే, కానీ బెల్టు రెండు రంధ్రాలు లోపలికొచ్చింది.

డాక్టర్: అయితే ఆలస్యం చేయొద్దమ్మా. పరీక్ష చేయకుండా క్యాన్సరని నేను అనను, కానీ ముద్ద అడ్డుపడటం, బరువు తగ్గడం రెండూ కలిస్తే ఈ వారంలోనే ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి లోపల చూసే పరీక్ష, చేయించాలి. అన్నవాహిక లోపలి పొర యాసిడ్‌ను తట్టుకునేలా ఉండదు. ఏళ్ల తరబడి యాసిడ్ తగిలి తగిలి, కొందరిలో ఆ పొర పోయి పేగు పొరలాంటిది వస్తుంది. దాన్నే బారెట్స్ ఈసోఫేగస్ అంటాం, 1950లో దాని గురించి రాసిన నార్మన్ బారెట్ అనే సర్జన్ పేరు మీద. ఈ కొత్త పొరకు యాసిడ్ అంతగా తెలియదు కాబట్టి మంట తగ్గొచ్చు, జబ్బు నయమైందని మనం పొరబడతాం.

కాలర్: అయ్యో, మేమూ అలాగే అనుకున్నామండీ!

డాక్టర్: చాలామంది అలాగే అనుకుంటారమ్మా. బారెట్స్ ఉన్నా అందరికీ క్యాన్సర్ రాదు. కణాల్లో తేడా లేకపోతే ఏడాదికి 200 మందిలో ఒకరికి కూడా రాదు. తేడా మొదలైతే, అంటే డిస్ప్లేసియా, అప్పుడే ముప్పు పెరుగుతుంది. ఆ దశలో దొరికితే ఎండోస్కోపీతోనే ఆ పొరను కాల్చేయొచ్చు, చాలామందికి పెద్ద ఆపరేషన్ అవసరం పడదు. అందుకే ఏళ్లుగా మంట ఉన్నవాళ్లలో యాభై దాటిన మగవాళ్లు, పొట్ట, పొగ అలవాటు, ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ ఉన్నవాళ్లు ఒక్కసారైనా లోపల చూపించుకోవాలంటాను.

కాలర్: ఆయన రానంటారండీ, గొట్టమంటే భయం.

డాక్టర్: పక్కనే ఉన్నారా? ఫోన్ ఇవ్వండి.

భర్త: హలో... నాకేం లేదండీ, నీళ్లు తాగితే దిగిపోతోంది.

డాక్టర్: మొదట అలాగే ఉంటుందండీ. ముందు గట్టి ముద్ద ఆగుతుంది, తర్వాత మెత్తటిది, చివరికి నీళ్లు. అక్కడిదాకా రానివ్వొద్దు. పది, పదిహేను నిమిషాల పని, కావాలంటే మత్తిస్తారు. ఎప్పుడు వెళ్తారు?

భర్త: ...సోమవారం.

డాక్టర్: రేపే వెళ్లండి. ఆమెను వెంట తీసుకెళ్లండి, ఏమీ తినకుండా వెళ్లండి.